మన పౌరహక్కుల చరిత్ర – ఏడవ భాగము: మృతుడే ముద్దాయి

శ్రీకాకుళపు కొండలలో 1969, 70 సంవత్సరములందు జరిగిన కాల్పులను గూర్చి గతభాగములో చెప్పుకొంటిమి. పంచాది కృష్ణమూర్తి, సుబ్బారావు పాణిగ్రాహి, వెంపటాపు సత్యము, ఆదిభట్ల కైలాసము మున్నగువారి మరణములను ప్రభుత్వము ఎదురుకాల్పులుగా ప్రకటించుటయు, పట్టుకొని కాల్చిరని వారి పక్షమువారు వాదించుటయు, ఈ రెండు మాటలలో ఏది సత్యమో తేలకయే కాలము గడచిపోవుటయు పాఠకులు చూచియున్నారు. ఆ తేలని మాటను తేల్చుటకై తరువాతి నలువదియేండ్లలో ఆంధ్రదేశమున జరిగిన ప్రయత్నమునకు ఎన్నో రూపములు కలవు: నిజనిర్ధారణ సంఘములు, విచారణ కమిషనులు, రిట్ పిటిషనులు, సభలు, కరపత్రములు. కాని వీని అన్నింటి అడుగున ఉన్న తగాదా ఒక్కటే, అది ఒక కాగితమును గూర్చినది. పోలీసు ఠాణాలో మొట్టమొదట వ్రాయబడు ప్రథమ సమాచార నివేదికలో, అనగా ఎఫ్.ఐ.ఆర్.లో, ముద్దాయి అను పదమునకెదురుగా ఎవరి పేరు ఉండవలెను?

ఈ ప్రశ్న ఎంత చిన్నదిగా కనిపించునో అంత లోతైనది. ఒక మనిషి తుపాకిగుండు తగిలి చనిపోయిన చోట, కాల్చినవాడు సామాన్యుడైనచో, ఠాణాలో హత్యకేసు నమోదగును, దర్యాప్తు జరుగును, నేను ప్రాణరక్షణకై కాల్చితినని అతడు చెప్పుకొనదలచినచో ఆ మాట న్యాయాధిపతి యెదుట నిలిచి చెప్పుకొనును, సాక్ష్యముతో నిరూపించుకొనును. కాల్చినవాడు పోలీసైనప్పుడు మన రాష్ట్రములో నడచిన పద్ధతి వేరు. కాల్పులకు నాయకత్వము వహించిన అధికారియే వచ్చి ఠాణాలో ఫిర్యాదు వ్రాసియిచ్చును. విశ్వసనీయ సమాచారముపై తాము గాలింపునకు పోయితిమనియు, అడవిలో కొందరు తీవ్రవాదులు తారసపడగా లొంగిపొమ్మని హెచ్చరించితిమనియు, వారు వినక కాల్పులు ప్రారంభించిరనియు, ఆత్మరక్షణార్థము తామును కాల్చితిమనియు, కాల్పులు ఆగిన పిమ్మట వెదకగా గుర్తుతెలియని శవములును, ఒక తపంచాయు, కొంత విప్లవసాహిత్యమును దొరకెననియు, మిగిలినవారు చీకటిలో పారిపోయిరనియు అందులో ఉండును. ఊరిపేరును తేదీయు మార్చినచో ఒక నివేదిక మరియొకదానికి సరిపోవును. దానినిబట్టి నమోదగు కేసు నాటి భారత శిక్షాస్మృతి 307వ సెక్షను క్రింద, అనగా పోలీసులపై హత్యాయత్నము చేసినందులకు; ముద్దాయి చనిపోయినవాడు. ముద్దాయి మరణించియున్నాడు గనుక కేసు అంతటితో ముగిసినట్లు వ్రాసి కాగితము కట్టివేయుదురు. ఒక మనిషి ప్రాణము పోవుటకు కారణమైనవారెవరన్న ప్రశ్నకు దర్యాప్తన్నదే అక్కరలేని ఏర్పాటిది. దీనిని కల్పించిన బుద్ధి ఎవరిదో గాని, దాని చాతుర్యమును మెచ్చుకొనక తప్పదు.

చట్టము ఇట్లు చెప్పలేదు. పోలీసువానికి ప్రాణము తీయుటకు ప్రత్యేకాధికారమేదియు మన శిక్షాస్మృతిలో లేదు. ప్రతి పౌరునికిని ఉన్న ఆత్మరక్షణహక్కే వానికిని కలదు. నిందితుని పట్టుకొనుటలో బలప్రయోగము చేయవచ్చునని 2024 వరకు అమలులోనుండిన క్రిమినల్ ప్రొసీజర్ కోడు 46వ సెక్షను చెప్పెను గాని, మరణశిక్షకో యావజ్జీవశిక్షకో తగిన నేరము మోపబడనివానిని చంపు హక్కు ఆ సెక్షను ఈయదని ఆ క్రిందనే స్పష్టముగా వ్రాసియుండెను. ఇంక కాల్పులు ఆత్మరక్షణకా కాదా అని నిర్ణయించుట ఎవరి పని అన్నది మిగిలిన ప్రశ్న. కాల్చినవారి పనియని ఆచారము చెప్పెను. న్యాయస్థానము పనియని పౌరహక్కులవారు చెప్పిరి. ఈ వ్యాసమున చెప్పబోవు కథ యంతయు ఈ రెండు వాక్యముల నడుమ నడచినదే.

1975 జూను 25న అత్యయికపరిస్థితి ప్రకటింపబడెను. సరిగా నెల తిరుగునాటికి, జూలై 25న, మెదకు జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎదురుకాల్పులలో మరణించిరని పోలీసులు ప్రకటించిరి. నలుగురును విద్యార్థులు. వారిలో వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో చదివిన సూరపనేని జనార్దన్ విద్యార్థిలోకమున పేరెన్నికగన్నవాడు. పత్రికలపై సెన్సారు, సభలపై నిషేధము, పౌరహక్కుల నాయకులు కొందరు జైళ్లలో, మిగిలినవారు భయములో ఉన్న ఆ రోజులలో ఈ ప్రకటనను ప్రశ్నించు నోరు లేకపోయెను. శ్రీశ్రీ తొలి అధ్యక్షుడుగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘము అప్పటికి ఊపిరి బిగబట్టియుండెను.

ఆ సంవత్సరమే డిసెంబరు 1న ముషీరాబాదు జైలులో భూమయ్య, కిష్టాగౌడు అను ఇద్దరు రైతుబిడ్డలను ఉరితీసిరి. వారి ఉరి అంతకుముందు మేనెలలో న్యాయవాదుల యత్నముచేత చివరి ఘడియలో ఒకమారు ఆగినది, క్షమాభిక్షకై దేశవిదేశములనుండి విజ్ఞప్తులు వచ్చినవి, ఫలము లేకపోయెను. ఆ శిక్ష సమంజసమని నేననను. అయినను గిరాయిపల్లి ప్రక్కన ఉంచి చూచినప్పుడు దానియందొక భేదము కన్పట్టును. భూమయ్య, కిష్టాగౌడులపై అభియోగమేదో, సాక్షులెవరో, వారి పక్షమున వాదించినదెవరో, తీర్పు చెప్పినదెవరో నేటికిని కాగితములలో చదువుకొనవచ్చును. తప్పున్నచో ఈ చోట తప్పని వేలుపెట్టి చూపవచ్చును. గిరాయిపల్లి నలుగురి విషయమున చూపుటకు కాగితమే లేదు.

అప్పటి చట్టపు ఆకాశము ఎట్లుండెనో తెలియుటకు ఒక ముచ్చట చెప్పక తప్పదు. నిర్బంధములోనున్నవారు హెబియస్ కార్పస్ కోరవచ్చునా అను వ్యాజ్యము సుప్రీంకోర్టులో విచారణకు వచ్చినప్పుడు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ప్రభుత్వపు అటార్నీ జనరల్ నీరేన్ డేను ఒక ప్రశ్న అడిగెను: రాజ్యాంగపు 21వ అధికరణములో స్వేచ్ఛయేకాక ప్రాణమును కలదు గదా, ఒక పోలీసధికారి వ్యక్తిగత ద్వేషముతో ఒకనిని చంపినచో, అత్యయికపరిస్థితి ఉన్నంతకాలము దానికిని పరిహారము లేదా? లేదనియే ప్రభుత్వపక్షపు సమాధానము. 1976 ఏప్రిలు 28న అయిదుగురు న్యాయమూర్తులలో నలుగురు ప్రభుత్వపక్షమున తీర్పు చెప్పిరి. ఖన్నా ఒక్కడే భిన్నమతము వ్రాసెను. మరుసటి జనవరిలో ఆయనను కాదని ఆయనకంటె చిన్నవాడైన బేగ్‌ను ప్రధానన్యాయమూర్తిని చేయగా ఖన్నా రాజీనామా ఇచ్చెను. ఢిల్లీ న్యాయపీఠమున కూర్చుండి అడిగిన ఆ ప్రశ్న, తీర్పు వెలువడునాటికి తొమ్మిది నెలలుగా గిరాయిపల్లి అడవిలో సమాధానము లేక పడియుండెను.

1977 మార్చిలో ప్రభుత్వము మారినది. జయప్రకాశ్ నారాయణ్ తమ ‘ప్రజాస్వామ్యమునకై పౌరులు’ సంస్థ పక్షమున ఆంధ్రప్రదేశ్‌లోని ఎదురుకాల్పుల మరణములను విచారించుటకు ఒక సంఘమును నియమించిరి. బొంబాయి హైకోర్టు పూర్వన్యాయమూర్తి, ఎం.ఎన్. రాయ్ శిష్యుడు వి.ఎం. తార్కుండే అధ్యక్షుడు. ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి నవకృష్ణ చౌధురి, పత్రికారచయితలు బి.జి. వర్గీస్, అరుణ్ శౌరి, మన వైపునుండి హేతువాదియు మానవవాదియునైన న్యాయవాది ఎం.వి. రామమూర్తి, వరంగల్లు ప్రజాకవి కాళోజీ నారాయణరావు, కె. ప్రతాపరెడ్డి, బల్వంతరెడ్డి సభ్యులు. కార్యభారము వహించినవాడు హైదరాబాదు న్యాయవాది కె.జి. కన్నబిరాన్. ఈ పేర్లను చదువుచున్నప్పుడు ఒక సంగతి గమనింపదగును. వీరిలో నక్సలైట్ మార్గమును ఆమోదించినవారు లేరన్నంత అరుదు; గాంధేయుడు, రాయిస్టు, ఉదారవాది, కవి, తరువాత ఎవరి దారి వారిదైన పత్రికారచయితలు. చంపబడినవాడు ఏమి నమ్మెనన్నది వారు తమకు తాము వేసికొన్న ప్రశ్నలలో లేదు.

ఈ సంఘమునకు సమను పంపు అధికారము లేదు, ప్రమాణము చేయించు అధికారము లేదు, రికార్డు తెప్పించు అధికారము లేదు. ఊళ్లకు పోయి, మనుష్యులతో మాటలాడి, చెప్పినది వ్రాసికొని, ఒకరి మాటను మరియొకరి మాటతో పోల్చిచూచుట తప్ప వేరు సాధనము లేదు. ఆ సాధనమును తక్కువగా ఎంచరాదు. అడవిలో జరిగినదానికి సాక్షులు లేరని నగరవాసులనుకొందురు గాని, మన పల్లెలలో పరాయిమనిషి అడుగుపెట్టినచో ఎరుగనివారుండరు. జీపు ఎన్ని గంటలకు వచ్చెనో, అందులో చేతులు కట్టబడి కూర్చున్నదెవరో, క్యాంపులో ఎవరికి అన్నము పెట్టిరో, తుపాకిచప్పుడు ఎన్నిమార్లు వినబడెనో, తెల్లవారిన పిదప పంచనామాకు సంతకముపెట్టుమని ఎవరిని పిలిచిరో, పశువులకాపరికిని, కట్టెలుకొట్టువానికిని, వెట్టివానికిని తెలిసియుండును. చెప్పుటకు ధైర్యమే కావలసినది. తార్కుండే సంఘము వచ్చినప్పుడు, రెండేండ్ల భయము క్రొత్తగా తొలగిన ఆ వేసవిలో, ఆ ధైర్యము కొందరికి కలిగినది.

సంఘము 1977లోనే తన మధ్యంతర నివేదికలను వెలువరించెను. గిరాయిపల్లి నలుగురును ఎదురుకాల్పులలో చావలేదనియు, ముందే పట్టుబడి పోలీసు నిర్బంధములో ఉండిరనియు, అడవికి తీసికొనిపోయి చెట్లకు కట్టి కాల్చివేయబడిరనియు అందు నిర్ణయించెను. తాను పరిశీలించిన ఇతర ఘటనలనుగూర్చియు అటువంటి అభిప్రాయమునే ప్రకటించి, అధికారములతో కూడిన న్యాయవిచారణ జరిపింపవలెనని కోరెను. ఢిల్లీలో జనతా ప్రభుత్వము, హైదరాబాదులో జలగం వెంగళరావుగారి కాంగ్రెసు ప్రభుత్వము. అంతకుముందు హోంమంత్రిగాను, 1973 చివరినుండి ముఖ్యమంత్రిగాను పోలీసుశాఖకు పెద్దదిక్కు వెంగళరావుగారే. అయినను ఒత్తిడి పెరిగిపోయెను. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ వశిష్ఠ భార్గవతో, 1952 నాటి విచారణ కమిషనుల చట్టము క్రింద, కమిషను ఏర్పడెను.

భార్గవ కమిషను యెదుట జరిగినది మన న్యాయచరిత్రలో అపూర్వము. పోలీసధికారులు సాక్షులబోనులో నిలువగా కన్నబిరాన్ వారిని ప్రశ్నించెను. పల్లెలనుండి వచ్చినవారు తాము చూచినది చెప్పిరి. పత్రికలు వ్రాసినవి, జనము చదివిరి. సెన్సారుక్రింద రెండేండ్లు గడపిన పాఠకులకు, ఒక ఎదురుకాల్పుల కథ ప్రశ్న వెంట ప్రశ్నగా విప్పబడుచుండగా దినపత్రికలో చదువుట క్రొత్త అనుభవము. సరిగా ఆ దశలో, ఇకమీద విచారణ రహస్యముగా జరుగవలెనని నిర్ణయమైనది. కారణములేవి చెప్పబడినను ఫలితము సుస్పష్టము: పత్రికలు బయట, ప్రజలు బయట, లోపల పోలీసులును వారి వకీళ్లును కమిషనును. బహిరంగము కాని విచారణలో తాము పాల్గొనబోమని తార్కుండే సంఘము పక్షమువారు తొలగిపోయిరి. కమిషను పని క్రమముగా కుంటువడి ఆగిపోయెను. గిరాయిపల్లికిగాని, మరి ఏ ఘటనకుగాని బాధ్యుడని ఒక్క పోలీసైనను న్యాయస్థానమున శిక్షింపబడలేదు.

వారు తొలగిపోవుట సరియా అని నేటికిని వాదించువారు కలరు. లోపలనే ఉండి రికార్డునైనను నిలుపవలసినదని ఒక మాట. ఆ వాదమున బలము లేకపోలేదు. రహస్యముగా వ్రాసిన సాక్ష్యమైనను ఏనాటికైనను బయటపడవచ్చును. కాని ఆనాటి న్యాయవాదుల అభిప్రాయము నాకు సమంజసముగా తోచుచున్నది. ఎదురుకాల్పుల కథకు ఆయువుపట్టు దాని ఏకాంతమే. అడవిలో ఎవరును చూడకుండుటచేతనే ఆ కథ నిలుచుచున్నది. విచారణయును ఏకాంతమున జరిగినచో అడవి వచ్చి కచేరీలో కూర్చున్నట్లే గదా.

ఇచ్చట కన్నబిరాన్‌ను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. 1929లో జన్మించిన ఈయన మదరాసు రాజధానినుండి వచ్చి హైదరాబాదును స్వస్థలము చేసికొనెను. అటుపిమ్మట పదునైదేండ్లపాటు పౌరహక్కుల సంఘమునకు అధ్యక్షుడుగా ఉండెను. రాజ్యాంగమును ప్రభుత్వమునకంటె గట్టిగా నమ్మిన మనిషి. చంపబడినవాని రాజకీయములను సమర్థించుట ఆయన పని కాదు; చంపినవారు చట్టమునకు లోబడవలెననుటయే ఆయన కోరినది. ఆయనకు లోకములో పేరు తెచ్చినదియు, నిందలు తెచ్చినదియు ఈ పట్టుదలయే.

ఎనుబదులలో తెలంగాణమున ఎదురుకాల్పులు నిత్యకృత్యమైనవి. పౌరహక్కుల సంఘమునకు నిజనిర్ధారణ అన్నది తార్కుండేనాటి అసాధారణకార్యపు స్థితినుండి దైనందినవృత్తిగా మారినది. కాకతీయ విశ్వవిద్యాలయములో గణితము బోధించిన కె. బాలగోపాల్ 1983లో ప్రధానకార్యదర్శియైన పిమ్మట ఈ వృత్తికి ఒక శాస్త్రీయత అలవడినది. శవముపై గాయమెచ్చట, గుండు ఎంత దగ్గరనుండి తగిలినట్లున్నది, చొక్కాకు రంధ్రము కలదా, మణికట్టుపై త్రాటిగుర్తులున్నవా, ఎదురుకాల్పులు జరిగిన చోట చెట్లకు గుండుదెబ్బలేవి, గంటసేపు కాల్చుకొన్నచో పోలీసులలో ఒకరికైనను గీతపడలేదేమి అని వారు చూచుచుండిరి. నలుగురైదుగురు, తరచుగా ఒక లాయరు, ఒక ఉపాధ్యాయుడు, ఒక డాక్టరు, ఆర్టీసీ బస్సెక్కి పోవుదురు. తిరిగివచ్చి విలేఖరులకు ప్రకటన ఇత్తురు. ప్రభుత్వము దానిని ఖండించును. ఆర్డీఓగారి మెజిస్టీరియల్ విచారణ జరుగబోవుచున్నదనియు, చెప్పదలచినవారు కార్యాలయమునకు రావచ్చుననియు కొన్ని నెలల కొక ప్రకటన పత్రికలో మూలను పడును. కొడుకును పోగొట్టుకొన్న కూలితల్లి ఆ ప్రకటనను చదువుననియు, చదివినను పోలీసులు కావలియున్న కచేరీకి వచ్చి పోలీసులపై చెప్పుననియు ఎవరు నమ్మిరో తెలియదు.

ఈ పనికి మూల్యము చెల్లింపవలసివచ్చెను. 1985 సెప్టెంబరు 3న వరంగల్లులో, ముందురోజు నక్సలైట్ల చేతిలో హతుడైన ఒక సబ్ ఇన్‌స్పెక్టరు శవయాత్ర సాగుచుండగా, సంఘము ఉపాధ్యక్షుడు డాక్టరు ఎ. రామనాథము తన ఆసుపత్రిలోనే కాల్చిచంపబడెను. పిల్లల వైద్యుడుగా ఆ నగరమున ఆయన నెరుగనివారు లేరు. చంపినవారు ఊరేగింపులోని పోలీసులేనని సంఘము ఆరోపించెను. ఎవరికిని శిక్షపడలేదు. తరువాతి సంవత్సరములలో సంఘమువారైన జాపా లక్ష్మారెడ్డి, వరంగల్లులోనే న్యాయవాది నర్రా ప్రభాకరరెడ్డి అదేవిధముగా హతులైరి.

రెండవ ప్రక్కను మరచినచో చరిత్ర వ్రాసినట్లు కాదు. నక్సలైట్లు మందుపాతరలతోను, మాటువేసియు చంపిన పోలీసులలో అధికులు చిన్నజీతపు కానిస్టేబుళ్లు, హోంగార్డులు. పోలీసు ఉన్నతాధికారి కె.ఎస్. వ్యాస్ 1993 జనవరిలో హైదరాబాదులోని ఒక క్రీడామైదానమున వారిచేత కాల్చివేయబడెను. ఇన్ఫార్మర్లన్న నెపమున చంపబడిన పల్లెవాసులకు ఎఫ్.ఐ.ఆర్. వలన ఒరిగినదియు తక్కువే. ఈ హింసను బహిరంగముగా విమర్శింపవలెనని భావించిన బాలగోపాల్ పాతసంఘమును వీడి, 1998లో మానవహక్కుల వేదికను స్థాపించిన సంగతి పాఠకులకు తెలిసినదే. పోలీసుల వాదము ఈ మరణములనుండియే పుట్టినది. రాత్రివేళ, అడవిలో, ప్రాణములకు తెగించి పోవువానిపై, తిరిగివచ్చిన ప్రతిమారును హత్యకేసు పెట్టినచో ఎవడు పోవునని వారడిగిరి. ఇది తోసివేయదగిన మాట కాదు. కాని కేసు నమోదగుట దోషి యనుట కాదు. నిజముగా ప్రాణరక్షణకే కాల్చినవానికి దర్యాప్తు చేటు చేయదు. అతని మాటకు న్యాయముద్ర వేయును. అందుకు భయపడవలసిన అవసరము ఎవరికి కలదో ఆలోచింపవచ్చును.

తొంబదులలో ఈ తగాదాకు క్రొత్త వేదిక దొరకినది. 1993 అక్టోబరులో ఏర్పడిన జాతీయ మానవహక్కుల కమిషనునకు పౌరహక్కుల సంఘము ఆంధ్రప్రదేశ్ ఎదురుకాల్పులపై ఫిర్యాదులు పంపెను. విశ్రాంత ప్రధానన్యాయమూర్తి రంగనాథ మిశ్రా అధ్యక్షతన కమిషను 1996 నవంబరు 5న ఇచ్చిన ఉత్తర్వులో, మృతుని ముద్దాయిగా వ్రాసి కేసు మూసివేయు మన రాష్ట్రపు ఆచారమును మొట్టమొదటిసారిగా ఒక అధికారసంస్థ పేరుపెట్టి తప్పుపట్టినది. కాల్పులలో మరణము సంభవించినదన్న సమాచారమే కేసు నమోదునకు తగిన అనుమానమును కలిగించునని గ్రహింపవలెననియు, కాల్చినవారు ఆ ఠాణావారే యైనప్పుడు దర్యాప్తును సి.ఐ.డి. వంటి వేరు సంస్థకు అప్పగింపవలెననియు కమిషను చెప్పెను. మరుసటి అధ్యక్షుడు జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య 1997 మార్చి 29న ఈ పద్ధతిని అనుసరింపుడని ముఖ్యమంత్రులందరికిని లేఖ వ్రాసెను. మన పల్లెలలో తిరిగి వ్రాసికొన్న నోటుపుస్తకములు ఈ విధముగా దేశమునకంతకును నియమమైనవి. నియమమైనవనుటకంటె సలహా యైనవనుట న్యాయము; కమిషను మాటకు ప్రభుత్వములు కట్టుబడవలసిన అగత్యము లేదు, కట్టుబడలేదు.

కట్టుబడక తప్పని మాట హైకోర్టు చెప్పవలసియుండెను. 2006 జూలై 23న ప్రకాశము జిల్లా నల్లమల అడవిలో మావోయిస్టు పార్టీ రాష్ట్రకార్యదర్శి మాధవ్‌తో కలిసి ఎనిమిదిమంది కాల్పులలో మరణించిరి. పౌరహక్కుల సంఘము రిట్ వేసెను. పూర్వపు ధర్మాసనముల అభిప్రాయములు పరస్పరము పొసగకుండుటచేత విషయము అయిదుగురు న్యాయమూర్తుల విస్తృతధర్మాసనము ముందుకు వచ్చెను: జస్టిస్‌లు గోడా రఘురామ్, వి.వి.ఎస్. రావు, ఆర్. సుభాష్‌రెడ్డి, రమేశ్ రంగనాథన్, జి. భవానీప్రసాద్. 2009 ఫిబ్రవరి 6న వెలువడిన ఆ తీర్పు చట్టపు విద్యార్థులు మూలములోనే చదువదగినది. పోలీసుచర్యవలన మరణము సంభవించినప్పుడు ప్రాణహరణ నేరము క్రింద కేసు నమోదుచేసి దర్యాప్తు జరుపవలెను. ఆత్మరక్షణ యనునది ముద్దాయి న్యాయవిచారణలో నిరూపించుకొనవలసిన సమాధానము గాని ఠాణాలో ముందే అంగీకరింపదగిన సత్యము కాదు. ఆర్డీఓ విచారణ దర్యాప్తునకు బదులు కానేరదు. దర్యాప్తు అధికారి కేసు మూయుమని నివేదించినను మెజిస్ట్రేటు తన బుద్ధితో పరిశీలింపవలెను. నాలుగు దశాబ్దముల వాదమునకు ఇంతకంటె సంపూర్ణమైన అంగీకారము దొరకుట కష్టము.

ఆ అంగీకారము ఎక్కువ కాలము నిలువలేదు. పోలీసధికారుల సంఘము సుప్రీంకోర్టుకు పోగా ఆ సంవత్సరమే తీర్పు అమలు నిలిపివేయబడెను. బాలగోపాల్ ఆ అక్టోబరులో కన్నుమూసెను. కన్నబిరాన్ 2010 డిసెంబరు 30న గతించెను. వ్యాజ్యము ఢిల్లీలో ఉండిపోయెను.

బొంబాయిలో 1995, 97 నడుమ జరిగిన ఎన్‌కౌంటర్లను గూర్చి పౌరహక్కుల సంస్థయైన పి.యు.సి.ఎల్. వేసిన వేరొక వ్యాజ్యములో 2014 సెప్టెంబరు 23న ప్రధానన్యాయమూర్తి ఆర్.ఎం. లోధా, జస్టిస్ నారిమన్ పదునారు మార్గదర్శకసూత్రములు విధించిరి. ఎఫ్.ఐ.ఆర్. తప్పక నమోదుచేసి కోర్టుకు పంపవలెను, దర్యాప్తు సి.ఐ.డి.యో, వేరు ఠాణా బృందమో, కాల్పులకు నాయకుడైనవానికంటె ఒక మెట్టు పైనున్న అధికారి పర్యవేక్షణలో జరుపవలెను. ప్రతి మరణముపైనను మెజిస్టీరియల్ విచారణ జరుగవలెను. ఘటన జరిగిన వెంటనే పదోన్నతులుగాని శౌర్యపతకములుగాని ఈయరాదు. ఈ కడపటి సూత్రము చదివినప్పుడు దేశములో అంతకుముందు ఏమి జరుగుచుండెనో వేరుగా చెప్పనక్కరలేదు. ఇవి దేశమంతటికిని వర్తించు శాసనము, మేలైనవే. కాని మన హైకోర్టు తేటతెల్లముగా చెప్పిన ఒక్క మాటను ఇవి చెప్పక వదలినవి. ఎఫ్.ఐ.ఆర్. ఉండవలెననిరి గాని, అందు ముద్దాయి ఎవరో చెప్పలేదు. ఆ ఖాళీస్థలము ఠాణాలలో పాతచేతివ్రాతతోనే నిండసాగెను.

2019 డిసెంబరు 6న హైదరాబాదు సమీపమున చటాన్‌పల్లి వంతెనవద్ద, ఒక పశువైద్యురాలిపై జరిగిన ఘోరమునకు నిందితులుగా నిర్బంధములోనున్న నలుగురు యువకులు తెల్లవారుజామున కాల్పులలో మరణించిరి. ఊరంతయు పోలీసులపై పూలు చల్లినది. షాద్‌నగర్ ఠాణాలో నమోదైన కేసు చనిపోయిన ఆ నలుగురిపైననే, హత్యాయత్నము క్రింద. వారము తిరుగకముందే సుప్రీంకోర్టు తన విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ అధ్యక్షతన, బొంబాయి హైకోర్టు పూర్వన్యాయమూర్తి రేఖా బల్దోటా, సి.బి.ఐ. మాజీ సంచాలకుడు డి.ఆర్. కార్తికేయన్ సభ్యులుగా కమిషనును నియమించెను. భార్గవ కమిషనువలె ఇది నడుమ ఆగలేదు. 2022 జనవరిలో నివేదిక సమర్పించెను; మేనెలలో సుప్రీంకోర్టు దానిని బహిరంగపరచెను. చంపు ఉద్దేశముతోనే కాల్పులు జరిగినవనియు, పదిమంది పోలీసులను హత్యానేరముపై విచారింపవలెననియు అందు వ్రాసియుండెను. పూలు చల్లిన చేతులు ఆ నివేదికను ఎట్లు చదివెనో, అది తెలంగాణ హైకోర్టునకు చేరిన పిమ్మట ఏమయ్యెనో వచ్చు భాగములో చూచెదము.